బావ మూసేవాడు, నేను తెరిచేవాణ్ణి

మా బంధువర్గంలో ఎవరి ఫోను నెమ్మదించినా ముందు నా దగ్గరికే వచ్చేది. నేనేమీ చదువుకున్న ఇంజనీరును కాదు. విశాఖ రేవులో ముప్పై మూడేళ్ళు క్రేను నడిపి దిగినవాణ్ణి. కానీ మా ఇళ్ళల్లో అందరికంటే ముందు స్మార్ట్ ఫోను కొన్నది నేను. ఆ ఒక్క అర్హతతో పెద్ద నిపుణుడిగా చలామణీ అయిపోయాను. పెళ్ళికెళ్ళినా, దినం భోజనానికెళ్ళినా, చేయి కడుక్కుని వచ్చేసరికి ఎవరో ఒకరు ఫోను పట్టుకుని నిలబడేవారు. ముందు వాళ్ళని నాలుగు చీవాట్లు పెట్టి, ఆ తర్వాత కింద ఉన్న చదరం గుర్తు నొక్కేవాణ్ణి. వాళ్ళు తెరిచి వదిలేసిన యాప్‌లన్నీ పేకముక్కల్లా వరసగా వచ్చి నిలబడేవి. ఒక్కొక్కదాన్నీ బొటనవేలితో పైకి తోసేసేవాణ్ణి. ఇల్లంతా దీపాలు వెలిగించి ఊరెళ్ళిపోతే కరెంటు అవ్వదా అని అడిగేవాణ్ణి. నా ఉపన్యాసం అదొక్కటే. వినేవాళ్ళు తలలూపేవారు.

ఆ నమ్మకం నాలో అంత గట్టిగా పాతుకుపోవడానికి కారణం నా ఉద్యోగం. క్రేను మీద మొదటిరోజే నేర్పే పాఠం ఒకటుంది. బరువు గాల్లో వేలాడుతుండగా క్యాబిన్ దిగకూడదు. డ్యూటీ అయిపోయిందంటే హుక్కు ఖాళీ చెయ్యాలి, అన్నీ ఆపాలి, అప్పుడు మెట్లు దిగాలి. తర్వాత ఎక్కేవాడికి ఖాళీ క్రేను అప్పజెప్పాలి. అన్నేళ్ళు ఆ పని చేసినవాడికి, వాడని యాప్ తెరిచి ఉండడం చూస్తే చేతులు ఊరుకోవు.

నా మాటకి ఎదురుచెప్పినవాడు ఒక్కడే. మా అప్ప మొగుడు, మా బావ.

నాకంటే నాలుగేళ్ళు పెద్ద. నేను ఆయన్ని బావ అంటే, ఆయనా నన్ను బావ అనే అనేవాడు. స్టీలు ప్లాంటులో కోక్ ఓవెన్ల దగ్గర పనిచేశాడు. బొగ్గుని వేడికి మగ్గబెట్టి కోకుగా మార్చే పొయ్యిలవి. ఎండాకాలం మధ్యాహ్నం వాటి పక్కన నిలబడి పనిచేసి ఇంటికొచ్చి, గాజువాక ఎండ చల్లగా ఉందనే మనిషి. మాట తక్కువ. నా నోటికి, ఆయన మౌనానికి బాగా కుదిరింది. మా అప్ప కంటే నేనే ఆయనతో ఎక్కువ మాట్లాడానేమో.

రిటైరయ్యాక కూతురు ఆయనకి కొత్త ఫోను కొనిచ్చింది. ఒక ఆదివారం వాళ్ళింటికెళ్ళి చూస్తే అందులో నలభై ఒక్క యాప్‌లు తెరిచి ఉన్నాయి. నేను లెక్కపెట్టి మరీ చెప్పాను. బావ నవ్వి ఊరుకున్నాడు. నేను తోసేయడం మొదలుపెట్టేసరికి మాత్రం చెయ్యి అడ్డం పెట్టాడు.

"మా పొయ్యి ఎప్పుడూ ఆర్పం బావ," అన్నాడు. "పని నేని రోజున కూడా ఎచ్చగానే ఉంచుతాం. ఒకసారి సల్లారిందంటే గోడలు బీటలు తీసీసి, మళ్ళీ కాక ఎక్కడానికి నెలలు పడతాది. ఇదీ అలాటిదేనేమో, ఒగ్గీరాదా."

నేను పెద్దగా నవ్వాను. అరచేతిలో పట్టే ఫోనుకి ఫర్నేసుతో పోలికేమిటని వెక్కిరించాను. మా అప్పా నాతో పాటు నవ్వింది. అంతటితో ఊరుకున్నానా, లేదు. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. ఆ మధ్యాహ్నమంతా ఆయన పక్కన కూచుని, చదరం ఎలా నొక్కాలో, వేలు ఎలా పైకి తొయ్యాలో పది పదిహేనుసార్లు చేయించాను. చివరికి ఒక సూత్రం కూడా చెప్పాను. బస్సెక్కే ముందు ఒకసారి అన్నీ సాఫు చేసుకో బావ, ఇంటికి చేరేదాకా ఛార్జింగు ఉంటుంది అన్నాను. ఆయన వాదించలేదు. తనకి తెలిసిన విషయం పక్కనపెట్టి నేను చెప్పింది పట్టుకున్నాడు. నన్ను సంతోషపెట్టడానికి ఆయన చేసిన పనుల్లో అదొకటి. అది తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

ఆ తర్వాత నాలుగేళ్ళకి బావ మర్చిపోవడం మొదలైంది. మొదట కళ్ళజోడు, తాళాలు. అందరం మర్చిపోతాం కదా అనుకున్నాం. ఒకరోజు తెల్లారి బూట్లు వేసుకుని, టిఫిను డబ్బా అడిగి, షిఫ్టు బస్సు కోసం వెళ్ళి రోడ్డు మీద నిలబడ్డాడు. అప్ప పిలుచుకొస్తే వచ్చేశాడు, కానీ రోజంతా లీవు చెప్పకుండా మానేశానని బాధపడుతూనే ఉన్నాడు. డాక్టరు దానికో పేరు చెప్పాడు. బాగయ్యేది కాదు, నెమ్మదిగా పెరిగేది అని కూడా చెప్పాడు. మా మేనకోడలు మధురవాడలో సాఫ్ట్‌వేరు ఆఫీసులో పనిచేస్తుంది. వాళ్ళకి ఒక్కగానొక్క కూతురు. గాజువాక ఇల్లు ఖాళీ చేయించి, అమ్మానాన్నలని తన ఆఫీసుకి దగ్గరగా అపార్ట్‌మెంటులోకి తెచ్చుకుంది. ఆ పిల్ల చేసింది మంచి పనే. కానీ కొత్త చోటులో బావకి ఏ మలుపు ఎటు పోతుందో అస్సలు అంతు చిక్కేది కాదు.

కొన్ని నెలలకి ఫోను ఎత్తడం మర్చిపోయాడు. మోగితే తెర మీద వేలు అటూ ఇటూ రాసేవాడు, అది కట్ అయిపోయేది. అందుకని మేనకోడలు ఆయన ఫోనులో ఒక యాప్ వేసింది. బావ ఎక్కడుంటే అక్కడ ఒక నీలం చుక్క మా ముగ్గురి ఫోనుల్లోనూ కనిపిస్తుంది, తనకి, అప్పకి, నాకు. ఫోను ఎత్తకపోయినా ఫరవాలేదు, జేబులో ఉంటే చాలు అంది. ఫోను లేకుండా మాత్రం ఆయన ఎప్పుడూ గడప దాటేవాడు కాదు. ఆ చుక్క మీద మాకు ఎంత ధైర్యం వచ్చిందంటే, అప్ప చాలా రోజుల తర్వాత మధ్యాహ్నం కాస్త కునుకు తీయడం మొదలుపెట్టింది.

అన్నీ పోతున్నా నేను నేర్పింది మాత్రం బావకి పోలేదు. అది మేమెవరం పట్టించుకోలేదు. కూతురి పుట్టినరోజు పోయింది, ప్లాంటులో తన టోకెన్ నంబరు పోయింది, అన్నం తిన్నాడో లేదో పోయింది. కానీ చదరం నొక్కి, వేలితో ఒక్కొక్కటీ తోసేయడం మాత్రం చక్కగా చేసేవాడు. తోసేశాక నాకేసి చూసేవాడు. నేను భేష్ అనేవాణ్ణి. నిజంగానే అనేవాణ్ణి.

ఆ రోజు పొద్దున్న అప్ప స్నానానికెళ్ళి వచ్చేసరికి తలుపు తీసి ఉంది, బావ లేడు. కింద వెతుకుతూనే కూతురికి ఫోను చేసింది. ఆ పిల్ల ఆఫీసులో చూస్తే నీలం చుక్క హైవే మీద ఊళ్ళోకి వస్తోంది. బస్సెక్కాడన్నమాట. మా ఇల్లు కంచరపాలెం, నేనే దగ్గర. మద్దిలపాలెం వైపు వెళ్ళమని నాకు చెప్పింది. కంగారులో కూడా ఆ పిల్ల గొంతు నిబ్బరంగానే ఉంది, చుక్క కనిపిస్తోంది కదా. నేను స్కూటరు తీశాను. దారిలో ఒకసారి ఆపి చూస్తే చుక్క మద్దిలపాలెం బస్టాపులో ఆగి ఉంది. అమ్మయ్య, దిగి కూచున్నాడు అనుకున్నాను. బావ దొరికాక ఏమని తిట్టాలో కూడా అనుకుంటూ వెళ్ళాను.

వెళ్ళేసరికి చుక్క అక్కడే ఉంది. రంగు మారింది. నీలం పోయి బూడిద రంగుకి వచ్చింది. కింద, చివరిసారి కనిపించింది పది గంటల పన్నెండు నిమిషాలకి అని ఉంది. నేను వెళ్ళింది పదిన్నరకి. చుక్క చూపించిన చోటే నేను నిలబడ్డాను, సిమెంటు బల్ల పక్కన. నా చుక్కా బావ చుక్కా ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. బల్ల మీద ఇద్దరు కాలేజీ పిల్లలూ, ఒక ముసలామె కూచుని ఉన్నారు. బావ లేడు. ఫోటో చూపించి అందరినీ అడిగాను. ముసలామె చూసిందట. ఫోను చూసుకుంటూ కూచున్నాడు, బస్సొస్తే ఎక్కేశాడు అంది. ఏ బస్సో ఆమెకి తెలియదు.

నాకు అప్పటికీ బుర్ర వెలగలేదు. సిగ్నలు లేదనుకున్నాను. బస్సెక్కితే బావ వెళ్ళేది ఒక్క చోటికే, ప్లాంటుకి. అందుకని గాజువాక వైపు పరిగెత్తాను. పాత ఇంటి వీధి, ఆయన టీ తాగే కొట్టు, కూర్మన్నపాలెం, ప్లాంటు గేటు, అన్నీ తిరిగాను. గేటు దగ్గర సెక్యూరిటీ అతను పాపం చాలా ఓపిగ్గా కెమెరాలో చూసి మరీ చెప్పాడు, రాలేదని. ఫోను చేస్తే మోగేది, మధ్యలో కట్ అయ్యేది. ఒక్కోసారి పూర్తిగా మోగి ఆగిపోయేది. అది మోగుతున్నంతసేపూ బావ ఎక్కడో దాన్ని చూస్తూ ఉంటాడని తెలుసు. సాయంత్రం పోలీసు స్టేషనుకి వెళ్ళి కాగితం రాసిచ్చాం. అప్ప ఏడవలేదు. ఆయనకి ఆకలేస్తే చెప్పడం కూడా తెలియదని మాత్రం పదేపదే ఎస్సైకి చెప్పింది.

మర్నాడు పొద్దున్న పోలీసులు ఫోను టవరు చూసి సబ్బవరం వైపు ఉందన్నారు. ప్లాంటు బస్సనుకుని సబ్బవరం బస్సెక్కేశాడు. నేనూ మేనకోడలూ వెళ్ళి ఊరు దాటి, కొత్తగా ప్లాట్లు వేసిన లేఅవుట్లు ఒక్కొక్కటీ వెతికాం. సర్వే రాళ్ళు పాతి వదిలేసిన నేల. ఎటు చూసినా ఒకేలా ఉంటుంది, బుర్ర బాగున్నవాళ్ళకే దారి తప్పుతుంది. పదకొండు గంటలకి మూడో లేఅవుట్లో, కట్టడం సగంలో ఆపేసిన ఆర్చి కింద దొరికాడు. అక్కడి వాచ్‌మన్ భార్య అప్పుడే చూసి నీళ్ళు తాగిస్తోంది. ఒక చెప్పు లేదు. ఆ పాదమంతా చీరుకుపోయి వాచింది. పెదాలు పగిలిపోయాయి. మేనకోడలు ఆయన్ని పట్టుకుని బావురుమంది. బావ ఆ పిల్లని గుర్తుపట్టలేదు. నన్ను గుర్తుపట్టాడు.

"వచ్చీసినావా బావ," అన్నాడు. జేబులోంచి ఫోను తీసి నా చేతిలో పెట్టాడు. "సాఫు సేసీసినాను. బస్సెక్కే ముందే సేసీసినాను."

నేను చదరం నొక్కాను. ఒక్క యాప్ కూడా లేదు. పైన మూలన ఛార్జింగు అరవై రెండు ఉంది. నిన్న పది పన్నెండుకి ఏం జరిగిందో అప్పుడు అర్థమైంది. ఆ బల్ల మీద కూచుని, నేను చెప్పిన మాట చెప్పినట్టు చేసి, మా ముగ్గురి చేతుల్లోంచి తనని తానే తుడిచేసుకుని, బుద్ధిగా బస్సెక్కాడు.

ఆసుపత్రిలో తొమ్మిది రోజులు ఉంచారు. నేను అప్పకి నిజం చెప్పాను. దాచడం చేతకాలేదు. నేను నేర్పినదే ఆయన చేశాడప్పా, దానితోనే చుక్క ఆరిపోయింది అన్నాను. ఆమె ఇంకో మాట అంది. అలా మూసుకోబట్టే ఛార్జింగు మిగిలింది, ఛార్జింగు ఉండబట్టే పోలీసులకి దొరికింది, ఏదైనా మన మంచికే అనుకోవాలి అంది. రెండు రోజులు ఆ మాట పట్టుకుని బతికాను. ఎంత గట్టిగా పట్టుకున్నానంటే, చూడడానికి వచ్చిన చుట్టాలకి నేనే చెప్పడం మొదలుపెట్టాను. వింటూ మేనకోడలు నేలకేసి చూస్తూ ఉండేది.

మూడోరోజు కింద క్యాంటీనులో టీ తాగుతూ ఆ పిల్లని నిలదీశాను. నీకు తెలుసు, చెప్పు అన్నాను. గ్లాసు అటూ ఇటూ తిప్పింది. ఇప్పుడెందుకు మావయ్యా అంది. చెప్పేదాకా వదల్లేదు.

"మూసినా మూయకపోయినా ఛార్జింగు ఇంచుమించు అంతే ఉండును మావయ్యా," అంది.

తర్వాత నెమ్మదిగా విడమరిచి చెప్పింది. మనకి వరసగా కనిపించే ఆ యాప్‌లలో చాలావరకు పని చేస్తూ ఉండవట. మనం పక్కకి తప్పుకోగానే ఫోనే వాటిని నిద్రపుచ్చేస్తుంది. అవి అక్కడ కనిపిస్తాయి గానీ ఏమీ తినవు. చోటు చాలకపోతే అన్నిటికంటే పాతదాన్ని ఫోనే తీసేసుకుంటుంది, మనల్ని అడగదు. మనం పనిగట్టుకుని తోసేస్తే, మళ్ళీ తెరిచినప్పుడు అది మొదటినుంచి లేవాలి, దానికే ఎక్కువ ఛార్జింగు అవుతుంది. ఏదైనా యాప్ మొండికేసి కదలకపోతే దాన్నొక్కదాన్నీ మూస్తే సరిపోతుంది. మెలకువగా ఉండి తీరాల్సినవి కొన్నే ఉంటాయి, పాటలు, దారి చూపించేవి, నాన్నది లాంటివి. నాన్న ఫోను రకంలో పైకి తోసేస్తే ఆ యాప్‌కి ఇక పని మానెయ్యమని చెప్పినట్టే. మళ్ళీ మనిషి తెరిచేదాకా లేవదు. ఆ సంగతి ముందే చూసుకోవాల్సింది, తప్పు నాది అంది. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటుంటే, నా తప్పుని ఎంతమంది మోస్తున్నారో అని సిగ్గుతో చచ్చిపోయాను.

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితితొట్టిలో పడిందని సామెత. బల్లి పడితే పడనీ. నేను బావని పడేశాను. పొయ్యి ఆర్పకు బావ అని ఆ ఆదివారమే చెప్పాడు ఆయన. నా కంటే ముందు, చదువుకున్న మేనకోడలి కంటే ముందు, తన పనిలోంచి తనే ఆ సంగతి పట్టుకున్నాడు. నేను నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, నా మీద నాకే. పైకి వెళ్ళి అప్పకి ఛార్జింగు సంగతి కూడా చెప్పేశాను. అప్ప బావ పాదానికి కట్టు సర్దుతోంది.

"ఆయనకి తెలుసు, నీకు తెల్దు," అంది తలెత్తకుండా. "అయినా నీ మాటే ఇన్నాడు. ఏటి సేత్తాం."

ఇంటికి తెచ్చాక మేనకోడలు ఫోను సెట్టింగులన్నీ మార్చింది. ఆ యాప్‌కి తాళం గుర్తు వేసింది. ఎంత తోసినా అదొక్కటి పోదు. మాకు ఊరట కలిగింది. బావకి మాత్రం అది ప్రాణం మీదికొచ్చింది. అన్నీ తోసేసేవాడు, చివరికి అదొక్కటి నిలబడి ఉండేది. మళ్ళీ తోసేవాడు. వేలు తడి చేసుకుని తోసేవాడు. ఒకటి పోవడం లేదు బావ అని పిల్లాడిలా నా దగ్గరికి తెచ్చేవాడు. ఉండనీ బావ, దానివల్ల నష్టం లేదు, నేను నేర్పింది తప్పు అని ఎన్నిసార్లు చెప్పానో. కొత్తది ఎక్కడానికి ఆయన బుర్రలో చోటు లేదు. పాతది దిగడం లేదు. మూడోరోజు అన్నం మానేశాడు. పని పూర్తికాకుండా ఎలా తినను అని అప్పని కసిరాడు.

ఆ సాయంత్రం నేనే మేనకోడలికి చెప్పాను, తాళం తీసెయ్ తల్లీ అని. ఆ పిల్ల వద్దంది. నేను రోజూ వస్తాను, ఆయన మూసినప్పుడల్లా నేను తెరుస్తాను అన్నాను. ఎన్నాళ్ళు మావయ్యా అంది. నాకు ఇంకేం పనుంది అన్నాను. తాళం తీసింది. బావ ఆ ఒక్కదాన్నీ పైకి తోశాడు. అది పోయింది. చెయ్యి కడుక్కుని వచ్చి అన్నానికి కూచున్నాడు.

అప్పట్నుంచి అదే నా ఉద్యోగం. పొద్దున్న ఎనిమిదింటికి కంచరపాలెంలో బయల్దేరి మధురవాడ చేరేవాణ్ణి, కూతురు ఆఫీసు నుంచి వచ్చేదాకా ఉండేవాణ్ణి. బావ మూసేవాడు. నేను, ఏదీ ఓసారి చూడనీ బావ అని ఫోను తీసుకుని, ఆ యాప్ తెరిచి, తిరిగి ఇచ్చేవాణ్ణి. రోజుకి ముప్పైసార్లు, నలభైసార్లు. మొదట ప్రాయశ్చిత్తం అనుకుని చేశాను. పోనుపోను దానిలో ఒక రకమైన సుఖం దొరికింది. ఆయనకి పని తక్కువైందనిపిస్తే నేనే కల్పించేవాణ్ణి. గడియారం, కాలిక్యులేటరు, కెమెరా, వాతావరణం, కంటికి కనిపించిందల్లా తెరిచి చేతికిచ్చేవాణ్ణి. ఎన్ని ఒగ్గీసినావో సూడు అని నన్ను తిట్టేవాడు. నేను లోకానికంతా చేసిన ఉపన్యాసాన్ని నాకు అప్పజెప్పేవాడు. నా ఫోను కూడా ఆయనకే ఇచ్చేవాణ్ణి. దాన్నీ సాఫు చేసిపెట్టేవాడు. బాల్కనీలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని మేమిద్దరం అలా కూచుంటే, అప్ప టీ తెచ్చి ఇచ్చి, ఇద్దరికీ ఒకటే జబ్బు అని వెళ్ళిపోయేది. ఆఫీసులో మేనకోడలి ఫోనులో చుక్క రోజంతా ఆరుతూ వెలుగుతూ ఉండేది. ఆరితే నాన్న బాగున్నాడు, వెలిగితే మావయ్య బాగున్నాడు అనుకుంటాను అని ఒకసారి చెప్పింది.

పది నెలలు అలా గడిచాయి. ఆ పది నెలల్లో బావ నా పేరు మర్చిపోయాడు, వరస మర్చిపోలేదు. తర్వాత వరసా మర్చిపోయాడు. అప్పని ఒకరోజు నర్సమ్మా అని పిలిచాడు. ఆమె వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని చాలాసేపు ఉండిపోయింది. పాదం మానినా నడక మళ్ళీ రాలేదు, గోడ పట్టుకుని బాల్కనీ దాకా వచ్చేవాడు, అంతే. వేలు మెల్లబడింది. ఒకటి తోశాక రెండోది తొయ్యడానికి మధ్య నేను టీ తాగడం పూర్తిచేసేవాణ్ణి. ఒక్కోసారి పైకి బదులు పక్కకి తోసేవాడు, అవి జరిగి మళ్ళీ వచ్చి నిలబడేవి. నలభైసార్లు ఇరవై అయింది, పది అయింది. నేను తెరవాల్సిన పని తగ్గుతూ వచ్చింది. తగ్గుతోందని ఎవరితోనూ అనలేదు, అప్పతో కూడా.

మొన్న వానలు మొదలైన వారంలో, ఒక మధ్యాహ్నం మేనకోడలు ఆఫీసునుంచి ఫోను చేసింది.

"పొద్దున్నుంచీ చుక్క ఒక్కసారీ ఆరలేదు మావయ్యా," అంది. నేను ఫోను పెట్టేసి పక్కకి తిరిగాను.

బావ నా పక్కనే ఉన్నాడు. ఫోను ఆయన అరచేతిలోనే ఉంది. నేను పొద్దున్న తెరిచిన యాప్‌లన్నీ తెరమీద వరసగా నిలబడి ఉన్నాయి. చదరం నేనే నొక్కి ఇచ్చాను మరి. బొటనవేలు వాటి మీదే ఉంది, కదలడం లేదు. ఆయన ఫోనుకేసి చూడటం లేదు. ఎక్కడికీ చూడటం లేదు. సాఫు చెయ్యవా బావ అన్నాను. మళ్ళీ అన్నాను. ఆ పని ఒక్కసారి మానేస్తే చాలని ఒకప్పుడు ఎంతమంది దేవుళ్ళకి మొక్కానో నాకే తెలుసు. ఇప్పుడు మానేశాడు. చుక్క ఇక ఆరదు. ఎక్కడున్నాడో మాకు ప్రతి నిమిషం తెలుస్తుంది, ఈ కుర్చీలోనే ఉంటాడు.

నాకు ఏడుపాగలేదు. ఏడుస్తూనే ఆయన బొటనవేలు నా రెండు వేళ్ళతో పట్టుకున్నాను. చర్మం కింద ఎముక తగిలింది. దాన్ని తెర మీద ఆనించి పైకి తోశాను. గడియారం పోయింది. ఇంకోసారి తోశాను, కెమెరా పోయింది. అలా ఒక్కొక్కటీ, ఆ ఆదివారం ఆయనకి నేర్పినట్టే. చివరికి ఆ చుక్క యాప్ ఒక్కటే మిగిలింది. దాన్ని కూడా ఆయన వేలితోనే తోశాను. బావ ముఖంలో ఏ మార్పూ లేదు.

రెండు నిమిషాలు కాలేదు, నా ఫోను మోగింది. మేనకోడలే.

"మావయ్యా, చుక్క ఆరిపోయింది," అంది. గొంతు నిండా సంతోషం. "నాన్నే మూసీసేడా?"

అవునమ్మా, నాన్నే అన్నాను.